డాక్టరు రాయని జబ్బు

గుక్కెడు నీళ్ళు మింగబోయి శశిభూషణ్ మంచమంతా తడిపేశాడు. గొంతు దాకా వెళ్ళిన నీళ్ళు అక్కడే అడ్డం తిరిగి, దగ్గుతో సహా బయటికొచ్చాయి. మళ్ళీ గ్లాసెత్తాడు. ఈసారి నీళ్ళను చూడగానే భయమేసింది.

ఆ భయమే కొంప ముంచింది. నీళ్ళంటే భయం, బిగుసుకున్న గొంతు, నోటి నిండా ఊరుతున్న చొంగ. రాత్రంతా ఆఫీసులో అతను చదివింది ఇవే. అమెరికా ఆసుపత్రుల కేసు షీట్లు చూసి ఏ జబ్బుకు ఏ నంబరో వేసే మెడికల్ కోడింగ్ ఉద్యోగం అతనిది. ఈ నెల అతని వాటాకు వచ్చినవన్నీ మెదడుకూ నరాలకూ పట్టే వైరస్ జబ్బులు. నిన్న పోలియో, మొన్న మెదడువాపు, ఈ రోజు రేబిస్.

లేచి కూర్చున్నాడు. తెరిచిన కిటికీ ముందు కూలర్ హోరుమంటోంది. ఆ గాలి మొహానికి తగలగానే గొంతు ఇంకా పట్టేసింది. గాలి పడకపోవడం కూడా రేబిస్ లక్షణమే. కిందటి నెల ఇంటి పక్కనున్న యూనివర్సిటీ క్యాంపస్‌లో పొద్దున్నే నడుస్తుంటే కుక్క పిక్క పట్టుకుంది. సూదులు వేయించుకున్నాడు కానీ, ఆఖరి సూది రోజున తెలంగాణ బంద్ వచ్చిపడింది. ఆ తర్వాత బద్ధకించాడు. ఇంకేముంది, అయిపోయింది.

పోయేవాడికి సిగ్గేమిటని పై వాటాలోని భార్గవికి ఫోన్ చేశాడు. భార్గవిది కడప. అన్నావదినలతో ఉంటోంది. అదే ఆఫీసులో అతను వేసిన కోడ్లలో తప్పులు పట్టడం ఆ పిల్ల పని. రెండేళ్ళుగా ఆమె చేత చీవాట్లు తింటున్నాడు కానీ, మనసులో మాట చెప్పడానికి మాత్రం నోరు పెగల్లేదు.

"భార్గవీ, నాకు రేబిస్ వచ్చేసింది."

"ఎవరు రాసినారు?"

"ఏంటి?"

"డాక్టరు రాసినాడా? డాక్టరు రాయంది నువ్వెట్లా వేస్తావప్పా ఆ కోడు? నీతో ఎప్పుడూ ఇదే. లక్షణం కనపడితే చాలు, జబ్బు అంటగట్టేస్తావు. ముందు లక్షణాలు చెప్పు."

నీళ్ళు దిగడం లేదన్నాడు. కళ్ళు మండి ధారగా కారుతున్నాయన్నాడు. "కూలర్ గాలి తగిలితే మరీ ఊపిరాడట్లేదు" అన్నాడు.

అవతల కిటికీ మూసిన చప్పుడైంది.

"తలుపు గడియ తీసిపెట్టు. వస్తాండా."

"వద్దు. నా చొంగ తగిలితే నీకూ ప్రమాదం."

అప్పటికే ఫోన్ పెట్టేసింది.

తడి తువ్వాలుతో దిగొచ్చిన భార్గవి ముందు కూలర్ ఆపింది. కిటికీ మూసింది. ఆమె కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. బుగ్గల మీద కన్నీళ్ళు. ముక్కు ఎగబీలుస్తోంది. తన కోసం ఒక మనిషి ఇంతగా ఏడుస్తుందని శశిభూషణ్ కలలో కూడా అనుకోలేదు.

"ఏడవకు భార్గవీ."

ఆమె తువ్వాలు అతని కళ్ళ మీద పరిచి, కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చుంది.

ఆమె మొహం కనపడకపోయేసరికి అతనికి ధైర్యం వచ్చింది.

"నువ్వంటే నాకు ఇష్టం. ఇప్పటిది కాదు, నువ్వు ఆఫీసులో చేరిన రోజు నుంచి. మా అమ్మ తెచ్చిన తెనాలి సంబంధం ఎగ్గొట్టింది నీ కోసమే. మీ అన్నయ్యతో మాట్లాడదామని ఎన్నిసార్లు మెట్లెక్కానో. తీరా ఆయన తలుపు తీస్తే, ట్యాంకులో నీళ్ళున్నాయో లేదో చూడ్డానికొచ్చానని చెప్పి దిగిపోయేవాణ్ణి."

"ఊఁ. ఇంకా?"

"రాష్ట్రం కలిసున్నా, విడిపోయినా, మనిద్దరం ఈ తార్నాకలోనే ఇంత వండుకుతింటూ ఉండిపోతే చాలనుకున్నాను. నాకు రాసిపెట్టి లేదు."

గుమ్మంలో దగ్గు వినిపించింది. ఇంటి ఓనరు లచ్చవ్వ, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, చేతి సంచీలో ఉల్లిగడ్డలతో నిలబడి ఉంది. ఆమె కళ్ళూ ధారగా కారుతున్నాయి.

"కిటికీలు మూసుకున్నరా బిడ్డా? క్యాంపస్‌ల పోరగాండ్ల మీద టియర్ గ్యాస్ కొట్టిండ్రు పోలీసోళ్ళు. గాలి సక్కగ మన దిక్కే కొడుతున్నది. తెలంగాణ అడిగిన పాపానికి ఏంది ఈ గోస? ఇగో, ఉల్లిగడ్డ వాసన సూడుండ్రి, జర తక్కువైతది. గల్లీలకు ఉరికొచ్చిన పిల్లలకు నీళ్ళు పొయ్యాలె, పోతున్న."

ఒక ఉల్లిగడ్డ భార్గవి చేతిలో పెట్టి లచ్చవ్వ గబగబా వెళ్ళిపోయింది.

శశిభూషణ్ తువ్వాలు తీశాడు. బయటి గ్యాసునంతా కూలర్ లాగి తన మొహాన కొట్టిన సంగతి ఇప్పటికి బుర్రకెక్కింది. మెల్లిగా గ్లాసందుకుని ఓ గుక్క తాగాడు. కాస్త మంటగా ఉన్నా, దిగింది. ప్రాణం దక్కినందుకు సంతోషించాలో, పరువు పోయినందుకు ఏడవాలో తెలియలేదు.

"అయితే నువ్వు ఏడ్చింది నా కోసం కాదా?"

"గ్యాసుకు ఏడ్చినా."

"నేను వాగిందంతా మర్చిపో భార్గవీ. పోతున్నాననుకుని అన్నాను. గ్యాసని ముందే తెలిసుంటే చచ్చినా నోరు విప్పేవాణ్ణి కాదు."

భార్గవి ఉల్లిగడ్డను రెండు ముక్కలు చేసి, ఒక ముక్క అతని చేతిలో పెట్టింది.

"ఆ సంగతి నాకు తెలుసులేప్పా. అందుకే గ్యాసని ఫోన్లోనే అర్థమైనా, నువ్వు చెప్పడం అయ్యేదాకా నోరు మెదపలేదు."