రైల్లో కత్తి

ఆఫీసు ఫోన్ మాట్లాడి, తలుపు దగ్గర్నుంచి సీటు వైపు వచ్చిన ఈశ్వర్‌కి గుండె ఝల్లుమంది.

తండ్రి వెంకటరామారావు నోటి ముందు ఎవరో జర్మన్ ముసలాయన కత్తి పట్టుకుని ఉన్నాడు.

తండ్రి మొహమంతా చెమట. మాట రావడం లేదు. రెండు చేతులూ జోడించి దణ్ణం పెడుతున్నాడు.

ప్రాణం తియ్యొద్దని బతిమాలుతున్నాడు పాపం!

కాకినాడ నుంచి వచ్చి వారం కాలేదు. మ్యూనిక్ చూపిద్దామని ఆ పొద్దునే తను ఉద్యోగం చేసే ఊరు ఇంగోల్‌స్టాట్‌లో రైలెక్కించాడు.

ఈశ్వర్ ముందూ వెనకా చూడలేదు. ఒక్క ఊపున వెళ్ళి ముసలాయన్ని తోసేశాడు.

ముసలాయన సీట్ల మధ్య వెల్లకిలా పడ్డాడు. కత్తి ఎగిరి అవతల పడింది.

"కత్తి! ఇతని దగ్గర కత్తి ఉంది!" జర్మన్‌లో అరిచాడు ఈశ్వర్.

ఆ మాటకి పెట్టెంతా లేచి నిలబడింది.

"ఆగు బాబూ... ఆయనకి..." ముసలాయనకి ఆయాసంతో మాట పెగల్లేదు.

"నోర్ముయ్! చెప్పేదేదో పోలీసులకి చెప్పుకో!"

అంతటితో ఊరుకున్నాడా? కింద పడ్డ కత్తిని ఫోటో తీసి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. 'రైళ్ళలో జాగ్రత్త. మా నాన్నగారిని పొడవబోయాడు.'

ఆ హడావిడిలో తండ్రి మొహం చూడనే లేదు. చూసేసరికి ఆయన సీట్లో పక్కకి ఒరిగిపోయి ఉన్నాడు.

తర్వాతి స్టేషన్లో ఒక తలుపులోంచి పోలీసులు ముసలాయన్ని దించారు. ఇంకో తలుపులోంచి అంబులెన్సు వాళ్ళు వెంకటరామారావుని దించారు.

"గుండెపోటు," అంది ఆసుపత్రిలో డాక్టరమ్మ. "గండం గడిచింది. నోట్లో ఇంకా మందు పొడి ఉంది, ఎవరో టైముకి మాత్ర నూరి పెట్టారు. మీరేనా?"

"నేనా? లేదే!"

మంచం మీద తండ్రి కళ్ళు తెరిచాడు.

"ఆయనేరా. నువ్వు తోసేసినాయన," అన్నాడు నీరసంగా. "కట్టుడు పళ్ళు తీసేసి ఉన్నాను కదా, నమల్లేనని కనిపెట్టాడు. కత్తి పిడితో మాత్ర నూరి, నీళ్ళు కలిపి, ఆ కత్తితోనే నోట్లో పెట్టాడు. దేవుడిలా వచ్చావు నాయనా అని దణ్ణం పెట్టానురా."

ఈశ్వర్ ఫోన్లో ఉన్న కత్తి ఫోటో డాక్టరమ్మకి చూపించాడు.

"అరె, డాక్టరు కత్తి!" ఆమె మొహం వెలిగింది. "గుర్రబ్బగ్గీలో ఇంటింటికీ తిరిగే పాతకాలం డాక్టర్ల జేబుల్లో ఉండేదట. పిడి చివర చూడండి, బల్లపరుపుగా ఉంది. మాత్రలు నూరడానికే. బ్లేడ్లు రెండు. ఒకటే పదును. రెండోది మొద్దు, పొడిమందు కలపడానికి. వీటిమీద మోజుపడి దాచుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు."

"ఆయన డాక్టరా!"

పొడవడానికి పనికిరాని మొద్దు బ్లేడుని చూసి అంత గొడవ చేశాడు. ఈశ్వర్‌కి తల కొట్టేసినట్టయింది. గ్రూపులో పెట్టింది తీసేశాడు. రాత్రంతా నిద్రపట్టలేదు.

మర్నాడు పూలు కొనుక్కుని పోలీసుల దగ్గరికి వెళ్ళాడు.

"నా కంప్లైంట్ వెనక్కి తీసుకుంటాను సార్. ఆ డాక్టరుగారి కాళ్ళమీద పడాలి. ఎక్కడుంటారు?"

పోలీసు పూల వంక చూశాడు.

"నిన్ననే పోయారు. మేం వివరాలు అడుగుతుండగానే గుండెనొప్పి వచ్చింది. అంబులెన్సు వచ్చేసరికి ఏమీ మిగల్లేదు."

"అదేంటి సార్! డాక్టరు కదా, దగ్గర మందుంచుకోరా?"

"డాక్టరు ఆయన కాదు, వాళ్ళ నాన్న. కత్తి ఆ నాన్నదే," అన్నాడు పోలీసు మెల్లగా. "ఈయన ఉత్త గుండె జబ్బు మనిషి, తన ప్రాణానికని జేబులో ఉంచుకున్న ఒక్క మాత్రా మీ నాన్నగారి నోట్లో పెట్టేశారు."