ఆస్పత్రి రోజున తిరగని ఫ్యాను

“ఆస్పత్రికి వెళ్లే రోజునే ఆ కారు ఫ్యాను ఆగిపోతుందట. కూరలకు వెళ్లే రోజున మాత్రం గిర్రున తిరుగుతుందట. రోగం ఫ్యానుకు కాదు, కూతురి బుద్ధికి” అని గోడవతల పిన్ని అందట. పాలు పోస్తూ పాలావిడ ఈ మాట చేరవేసి, “నేను చెప్పానని అనకు తల్లీ” అంటూ చక్కా పోయింది.

కూతురు పాలగిన్నెను కారు టాపు మీదే పెట్టేసింది. కోపం తెచ్చుకోవడానికి కూడా తీరిక లేదు. ఇంజను వేడెక్కినా ఇవాళా ఫ్యాను తిరగలేదు. ఎనిమిదిన్నరయింది. పదింటికల్లా తండ్రి రక్తం కడిగే యంత్రం దగ్గర ఉండాలి. గంట దారి. ఆలస్యమైతే ఆ మంచం ఇంకొకరికి ఇచ్చేస్తారు. సోమవారం ఇంజను చల్లబరిచే ఆ ఫ్యానుకు కరెంటు వదిలే రిలే ఊడిపోయి, చచ్చీచెడీ చేరారు. బుధవారం ఫ్యూజు పోయి, సగం దారిలో ఇంజను మరిగి వెనక్కి వచ్చేశారు. “ఇంకొక్కసారి తప్పితే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. ఆపైన మా చేతుల్లో ఏమీ లేదు” అని డాక్టరమ్మ ఫోనులోనే తేల్చేసింది. ఊళ్లోని అద్దె బండ్ల వాళ్లు ముగ్గురూ అప్పటికే బేరాలకు పోయారు.

తండ్రి బానెట్ పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. నలభై ఏళ్లు బండ్లకు కరెంటు పని చేసిన మనిషి. నిద్ర పట్టలేదని తెల్లారకముందే వచ్చి కారు దగ్గర చేరాడు. మొహం, కాళ్లు దిమ్మల్లా వాచాయి. వేళ్లు వంగడం లేదంటాడు. అందుకని నోరు ఆయనది, చేతులు కూతురివి.

“ఫ్యూజు?”

“కొత్తదే. బాగుంది.”

“రిలే తీసి, హారను రిలే పెట్టి చూడు.”

పెట్టింది. టక్కుమంది. ఫ్యాను కదల్లేదు.

“మోటారుకు బ్యాటరీ నుంచి తిన్నగా కరెంటివ్వు.”

రెండు వైరు ముక్కలు ఆనించగానే ఫ్యాను బుర్రుమని తిరిగింది. కూతురికి ప్రాణం లేచొచ్చింది.

“ఇలాగే కట్టేసి పోదాం నాన్నా!”

“దారప్పోగుల్లాంటి వైర్లవి. దారిలో కాలి బండే అంటుకుంటుంది. నాతోపాటు నువ్వూ పోతావా?”

“పొద్దున్నే ఆ పాడు మాటలేంటి?”

“సరే, టెస్టు బల్బు తీసుకో.”

బల్బు ఒక కొస బ్యాటరీ మైనసుకు తగిలించి, రెండోది ఫ్యాను ప్లగ్గులో పెట్టింది. వెలిగింది.

“కరెంటు వస్తోంది. మోటారు బాగుంది. ఇక మిగిలింది కరెంటు వెనక్కి పోయే ఎర్తే కదా?”

“ఎర్తుకేం రోగం? నా చేత్తో బిగించింది. ప్లగ్గు వదులై ఉంటుంది. ఊడదీసి మళ్లీ పెట్టు.”

ఆయన బిగించిన ఎర్తును విప్పి చూసిన మెకానిక్కు ఆ చుట్టుపక్కల లేడు. చూడటమంటే ఆయన్ను అవమానించినట్టే. కూతురూ చూడలేదు. ప్లగ్గును నాలుగుసార్లు ఊడదీసి పెట్టింది. ఇంజను సెగకు చెయ్యి కమిలింది. తొమ్మిది దాటింది. తండ్రికి మాట మాటకీ ఆయాసం వస్తోంది.

“కాసేపు చల్లారనివ్వమ్మా.”

“చల్లారితే తగ్గడానికి ఇదేమన్నా జ్వరమా నాన్నా!” ఆమెకు ఏడుపొచ్చేసింది. “టైము చూశావా? నీ పెదాలు నీలంగా అవుతున్నాయి, చూశావా?”

“నా పెదాలు నాకెలా కనిపిస్తాయే?”

ఆమె నవ్వలేదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తండ్రి మాట కాదని, టార్చి పట్టుకుని హెడ్‌లైటు వెనక్కి వంగింది. ఎర్తు బోల్టు బిగువుగానే ఉంది. దాని నుంచి ఫ్యానుకు పోవలసిన నల్ల వైరు మాత్రం గాలికి వేలాడుతోంది.

“ఎలుక కొరికిందేమో” అన్నాడు తండ్రి, అటు చూడకుండానే.

బట్టలు కుట్టి బతికే మనిషి ఆమె. తెల్లారి లేస్తే కత్తెర పట్టే చెయ్యి. కోతేదో కొరుకుడేదో ఒకరు చెప్పాలా? వైరు నున్నగా, ఏటవాలుగా తెగి ఉంది.

ఆ కొసను పట్టుకుని గోడ దగ్గరికి పరుగెత్తబోయి, అది రాకపోతే వదిలేసి అరిచింది.

“పిన్నీ! బయటికి రా! నా మీద నింద వేసి నువ్వే కోశావా?”

పిన్ని జుట్టు ముడేసుకుంటూ గోడ మీదుగా తల పెట్టింది. “నేనా? మీ బండి మూత ఎటు లేస్తుందో కూడా తెలియదే నాకు! కత్తెర్లు నీ ఇంట్లో, కోత నా ఇంటి మీదా?”

“మరి మూడుసార్లూ ఎవరు చేశారు? వాకిట్లో ఉన్న బండిని ఎవరు ముట్టారు? చీమకు కూడా హాని చెయ్యని మనిషాయన! మా నాన్న చావు ఎవరికి కావాలి?”

స్టూలు మీంచి తండ్రి జవాబు చెప్పాడు.

“నాకే కావాలమ్మా, నేనే కోశాను.”