ఆట ఆగని ఫోన్

సెకనుకు ఎన్ని ఫ్రేములో గోడ నిండా రాశారు. గంటసేపు ఆడినా వేడెక్కదని మైకు పెట్టి అరిచారు. ఆట చెడకూడదని ఫోన్ నోరు నొక్కేశారే, ఆ ముక్క ఏ పోస్టర్ మీద వేశారు? కంపెనీ దొరల్లారా, షోరూమ్ ఓనర్లూ, మిమ్మల్నే అడుగుతున్నది!

ఆ రోజు మధ్యాహ్నం గేమింగ్ ఫోన్ల షోరూమ్‌లో సేల్స్‌మన్‌కు అక్క ఫోన్ చేసింది. ఉబ్బసం మనిషి. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆమే.

"ఇన్‌హేలర్ అయిపోవచ్చిందిరా. ఇంకో రెండు మూడు సార్లకు మించి రాదు."

"కొన్నాను అక్కా, జేబులోనే ఉంది. ఆయాసమొస్తే ఒక్క ఫోన్ కొట్టు. బండేసుకుని రెండు నిమిషాల్లో వాలిపోతా."

"వాలతావులే. అన్నానికి పిలిస్తేనే గంట పడుతుంది నీకు."

ఇల్లు రెండు వీధుల అవతలే. నవ్వి పెట్టేశాడు.

మూడింటికి ఆ మనిషి మళ్ళీ వచ్చాడు.

"నస బాబాయ్ దిగాడ్రోయ్," అన్నాడు క్యాషియర్.

యాభై దాటినవాడు. వారంలో ఇది నాలుగోసారి. ఏదీ కొనడు. బల్ల మీది గేమింగ్ ఫోన్లు ఒక్కొక్కటే తీస్తాడు. ఆడేటప్పుడు కాల్స్ రాకుండా చేసే స్విచ్ వెతికి ఆపేస్తాడు.

సేల్స్‌మన్‌కు ఒళ్ళు మండింది. డెమో మధ్యలో కాల్ వచ్చి ఆట తడబడితే కొనేవాడు లేచిపోతాడు. అందుకే పొద్దున్నే అన్నింట్లోనూ ఆ స్విచ్ వేసిపెడతారు. అమ్మిన ఫోన్‌నూ అలాగే సిద్ధం చేసి చేతిలో పెడతారు.

"బాబాయ్, చెయ్యి తియ్. మీ ఇంట్లో టీవీ అనుకున్నావా?"

"ఇది వేసుంటే ఫోన్ మోగదు నాయనా. ఇంట్లో ఎవరికేమైనా తెలీదు."

"చూడు, కొనేవాళ్ళు ముందు అడిగేది గేమ్ ఆగుతుందా అని. ఫోన్ మోగుతుందా అని ఇంతవరకూ ఒక్కడూ అడగలేదు."

"అడగరు. మోగుతుందనే అనుకుంటారు."

"అబ్బో, ప్రవచనం! సెక్యూరిటీ, పెద్దాయన్ని మెట్లు దింపు."

"దిగుతాలే, నాకూ డ్యూటీకి టైమైంది. ఈ రెండూ కూడా ఆపేసి..."

సెక్యూరిటీ జబ్బ పట్టుకుని ఈడ్చాడు. అందరూ పగలబడి నవ్వారు. సేల్స్‌మన్ స్విచ్‌లన్నీ మళ్ళీ వేశాడు.

ఐదింటికి ఒక కాలేజీ విద్యార్థి వచ్చాడు. డెమో ఫోన్ అతని చేతికిచ్చి, అదే మోడల్, అదే స్విచ్ వేసున్న తన సొంత ఫోన్ తీశాడు సేల్స్‌మన్.

"నాతో ఆడి గెలవండి సార్. దీని పవరేంటో మీకే తెలుస్తుంది."

నలభై నిమిషాలు ఆడారు. ఎక్కడా తడబడలేదు, ఎక్కడా ఆగలేదు.

"అన్నా, వెన్నలా పోతోంది! ప్యాక్ చేసెయ్."

సేల్స్‌మన్ ఆటలోంచి బయటికొచ్చాడు.

అక్క, పదకొండు మిస్డ్ కాల్స్. ఎవరిదో తెలియని నంబర్, ఆరు.

బండి ఎలా తోలాడో అతనికే తెలియదు. వాకిట్లో అంబులెన్స్ ఉంది. లోపల అక్క ముఖం మీద గుడ్డ కప్పేశారు.

"ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయాం. ఓ పావుగంట ముందు మందు పడుంటే..." అన్నాడు అంబులెన్స్ మనిషి.

జేబులో ఇన్‌హేలర్ సీలు కూడా ఊడలేదు.

అప్పుడు మోగింది ఫోన్. ఆ తెలియని నంబరే.

"అంబులెన్స్ కంట్రోల్ రూమ్ నుంచి. మీ అక్క ఆఖరిదాకా నాతోనే లైన్లో ఉంది నాయనా. మా తమ్ముడు రెండు నిమిషాల్లో వస్తాడు అంటూనే ఉంది. ఆమెతో మాట్లాడుతూ, ఇంకో లైన్లో నీకు కొడుతూనే ఉన్నాను."

"మీరు..."

"మధ్యాహ్నం మీరు మెట్లు దింపించిన మనిషినే. నీ నంబరూ, నువ్వు పనిచేసే షోరూమూ ఆమే చెప్పింది. ఏడుపు ఆగదులే, ఏడుస్తూనే చెయ్యి: ఇవాళ నువ్వు అమ్మిన ప్రతి ఫోన్‌కూ కాల్ చెయ్యి, ఎత్తనివాళ్ళ ఇళ్ళకు పోయి తలుపులు బాదు, ఆ స్విచ్ ఆపించు."