ఏ పుస్తకంలోంచి దింపారు?

"ఏ పుస్తకంలోంచి దింపారో చెప్పండి, ఇక్కడితో వదిలేస్తాను" అంది లెక్చరర్ కుముదిని, ప్రసూన ఎమ్మే వ్యాసాన్ని బల్లమీద పడేసి.

"దింపలేదు మేడమ్‌గారూ" అన్నాడు జోగయ్య. ప్రసూన తండ్రి. చరోదా రైల్వే యార్డులో వేగన్లు విడదీసే పని. డ్యూటీ దిగి, బట్టలు మార్చకుండానే లోకల్ బండెక్కి దుర్గ్ వచ్చాడు.

దింపినట్టు తేలితే ప్రసూనని ఈ ఏడు పరీక్షకి కూర్చోనివ్వరు.

"లిడియా భాష. ఇప్పటి టర్కీ వైపుది, రెండువేల ఏళ్ల కిందటే చచ్చిపోయింది. అందులో 'వానాస్' అంటే సమాధి. ఆ అర్థం ఏ పుస్తకంలో దొరికిందో మీ అమ్మాయి కింద రాసింది, బాగానే ఉంది. 'వానాల్' కూడా అదే మాట, 'సమాధికి' అన్నప్పుడు చివర మారుతుంది అనీ రాసింది. ఇదెక్కడిది?"

"నేనే చెప్పినాను."

"మీరా!"

"మేడమ్, మా నాన్న..." అనబోయింది ప్రసూన.

"నిన్నడగలేదు."

"రాళ్ల ఫొటోలు జిరాక్సులు తెచ్చి, నేలంతా పరిచి ఏడుస్తంది. చూసినాను. మా యార్డులో పెట్టెలమీద సుద్దగుర్తులుంటాయి. ఒకే సరుకైతే మొదలంతా ఒకటే. చివరి గుర్తుని బట్టి ఏ లైనుకి తొయ్యాలో తెలుస్తాది. ఇదీ అంతే. ఏటి, తప్పా?"

"తప్పయితే గొడవే లేదు. పెద్ద పండితులు చెప్పినట్టే ఉంది!" సొరుగులోంచి ఇంకో శాసనం ఫొటో తీసి ముందుకు తోసింది. "ఏదీ, ఇందులో చూపించండి."

జోగయ్య వేలు, ఆ లిపి నడిచినట్టే, కుడి నుంచి ఎడమకి కదిలింది. "ఇదొకటి. ఇదిగో, ఇంకోటి. ఇది కాదు, దీని మొదలు వేరు."

సరిగ్గా ఉంది. కుముదిని మొహం ఎర్రబడింది.

"వాహ్! బాగా చదువుకునే వచ్చారు. రైల్వే లైబ్రరీలో దొరికిందా పుస్తకం?"

"నాన్నా, ఆ పేజీ కొట్టేస్తాన్లే. పోదాం రా."

"ఏటికి కొట్టడం? మనం దొంగలమా?" జోగయ్య కుర్చీ లాక్కుని కూర్చున్నాడు, ఎవరూ కూర్చోమనకుండానే.

కుముదిని తెల్లకాగితం తీసి గబగబా రాసి, పైకి చదివింది. "'ఈ విషయం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.' సంతకం పెట్టండి. అబద్ధమని తేలిందో, ప్రిన్సిపాల్ దగ్గరికి పోతుంది."

"ఆరినీ పిలవండి. ఆరి ముందరే ఏస్తాను."

ఆమె పెన్ను మూత తీసి అందించింది.

జోగయ్య ఎడమచేతి బొటనవేలు చాపాడు.