కిందికి పెట్టిన గుమ్మాలు

చెరువు మీదికి వంగిన తుమ్మచెట్టు పిట్టల ఊరికి నడిబజారు. అక్కడి గిజిగాళ్ల గూళ్లన్నీ నీళ్ల మీద వేలాడుతూ, గుమ్మాలు కిందికి పెట్టుకుని ఉండేవి. ఊరిపెద్ద కొంగయ్యకు అది నామోషీ అనిపించి, కొత్త నిబంధనలు ఒక ఆకు మీద రాసుకొచ్చాడు.

"ఇవేం ఇళ్లయ్యా? చుట్టాలొస్తే తలకిందులుగా దూరాలా? ఇకమీదట గుమ్మాలు వెడల్పుగా, కొమ్మవైపు తిరిగి ఉండాలి. ముందొక మెట్టు కూడా ఉండాలి. అసలు కిందికెందుకు పెట్టారు?"

"ఏమోనండీ," అన్నాడు ముసలి గిజిగాడు. "మా తాత అలాగే అల్లాడు. నేనూ అల్లాను."

"సరిపోయింది! ఎవరికైనా అభ్యంతరాలున్నాయా?"

చెట్టు మొదట్లోంచి జెర్రిపోతు తలెత్తింది.

"నాకేం లేవండీ. ఇన్నేళ్లూ ఆ గుమ్మాలు అందుకోబోయి ఎన్నిసార్లు నీళ్లలో పడ్డానో నాకే తెలుసు. మెట్లు మాత్రం రెండు పెట్టించండి, పొడుగువాణ్ణి. అన్నట్టు, ఇది మీ గూటికీ వర్తిస్తుంది కదండీ? పిల్లలు బాగున్నారా?"

 కొంగయ్య నిబంధనలున్న ఆకును గుటుక్కున మింగేసి, గిజిగాడి వైపు తిరిగాడు.

"మీ తాత తెలివైనవాడయ్యా."