గడ్డకట్టిన జీపు

మడికొండ దాటి రెండు కిలోమీటర్లు కూడా పోలేదు. జీపు రెండుసార్లు దగ్గి, ఒకసారి తుమ్మి, రోడ్డు పక్కన నిలబడిపోయింది.

"ఏమైందయ్యా?" అన్నాడు రమాకాంత్, మంకీ క్యాపులోంచి ముక్కు మాత్రం బయటపెట్టి.

"చలి, సార్," అన్నాడు డ్రైవర్ గట్టయ్య.

"నీకా, బండికా?"

"బండికే సార్. డీజిల్ బండే గని, నేను పోసేది మిర్చి బజ్జీలు కాల్చంగ మిగిలిన నూనె. ఎండకాలం గుర్రం లెక్క ఉరుకుతది. చలికాలం లోపల నెయ్యి లెక్క పేరుకుంటది. రోజూ సగం డీజిల్ కలుపుత. నిన్న జర నూనె ఎక్కువైంది."

రమాకాంత్‌కు ఏడుపొక్కటే తక్కువ. అప్పటికే ఆరున్నర. ఎనిమిదిలోపు స్టేషన్ ఘన్‌పూర్‌లో ఉండాలి. ఆయన ఆహార కల్తీని పట్టుకునే ఆఫీసరు. అక్కడ హైవే మీద శోభారాణి టిఫిన్ సెంటర్లో ఒకే నూనెను వారాల తరబడి కాస్తున్నారని, తిన్నవాళ్ళు దవాఖాన పాలవుతున్నారని ఫిర్యాదు. పొద్దుటి పూరీల గిరాకీలో, నూనె మూకుడులో ఉండగానే పట్టుకోవాలి.

ఇప్పటికి రెండుసార్లు దాడి చేశాడు. రెండుసార్లూ ఎవడో ముందే ఉప్పందించాడు. "ఈసారి కూడా ఉత్త చేతులతో వస్తే రికార్డు రూములో ఎలుకలకు కాపలా పెడతా" అని పై ఆఫీసరు నలుగురిలో అనేశాడు. ఆ మాటకు రమాకాంత్‌కు రెండు రోజులు అన్నం సహించలేదు.

అందుకే ఈసారి ఆఫీసు బండి వద్దనుకున్నాడు. ఆఫీసు డ్రైవరు మీద అనుమానం. క్లర్కు మీద అనుమానం. భార్య సుకన్య మీద కూడా కాస్త అనుమానమే. ఆమెకు వాట్సాప్‌లో ఆరు గ్రూపులున్నాయి మరి! నిన్న సాయంత్రం హన్మకొండ చౌరస్తాలో ముక్కూ మొహం తెలియని ఈ ముసలి జీపును మాట్లాడుకున్నాడు. ఎక్కడికో, ఎందుకో గట్టయ్య ఒక్కడికే చెప్పి, ఎవరితో అననని స్టీరింగు మీద ఒట్టు కూడా వేయించుకున్నాడు.

"ఇప్పుడేం చేద్దాం?"

"ఎండొస్తే దానంతట అదే కరుగుతది సార్."

"ఎప్పుడొస్తుంది?"

"తొమ్మిదికల్ల అస్తది."

"తొమ్మిదికి నా తద్దినం పెట్టుకోవచ్చు! వేరే దారేమైనా ఉందా?"

గట్టయ్య తల గోక్కున్నాడు. సీటు కింద నుంచి రెండు పాల క్యాన్లు లాగాడు. వాటి నిండా నూనే. అదీ గడ్డకట్టింది.

"దీన్ని కాగవెట్టి ట్యాంకుల పోస్తే లోపలిది కరుగుతది. గని ఒక్కన్ని, నాతోని గాదు సార్."

ఆఫీసరు గారు చేలో దిగి పత్తి కట్టె ఏరుకొచ్చారు. మంట పెట్టారు. పొగకు కళ్ళు నలుపుకుంటూ, క్యానును గుండ్రంగా తిప్పుతూ నూనె కరిగించారు. ఎం.ఎస్సీ.లో గోల్డ్ మెడల్ వచ్చింది ఇందుకేనా అని తనను తాను బాగా తిట్టుకున్నారు కూడా.

"వడపోయాలె సార్. లేకుంటే ఫిల్టర్ జామైతది. దస్తీ ఉన్నదా?"

సుకన్య కొన్న కొత్త చేతిరుమాలు బలైపోయింది. అందులో మాడిన మిర్చి తొడిమలు, ఉల్లిపాయ పొట్టు, ఇంకేవో పేరు లేని నల్లటి ముక్కలు మిగిలాయి. రమాకాంత్ నిపుణుడు కదా, ఒకసారి వాసన చూసి మొహం తిప్పుకున్నాడు.

"ఛీఛీ! ఎన్నిసార్లు కాగిందో దీనికి లెక్కే లేదు. ఇందులో వేయించి జనానికి పెట్టినవాళ్ళను జైల్లో వెయ్యాలి!"

"ఎయ్యాలె సార్," గట్టయ్య వెంటనే ఒప్పుకున్నాడు. "మనుషుల కడుపులకు పోవద్దనే గద, బండికి పోస్తున్న."

రమాకాంత్ కడుపు నిండిపోయింది. "నీలాంటివాళ్ళు ఊరికొకరుంటే చాలయ్యా, మా ఉద్యోగాలు అక్కర్లేదు" అని భుజం తట్టాడు.

ఒక క్యాను ట్యాంకులో పోశారు. రెండోది మళ్ళీ గడ్డకట్టకుండా రమాకాంత్ తన శాలువా చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. జీపు కదిలింది. వెనక మిర్చి బజ్జీల వాసన. ఆ వాసనకు రెండు కుక్కలు కిలోమీటరు దాకా వెంటపడ్డాయి. బండి మూలిగినప్పుడల్లా రమాకాంత్ ప్రాణం పోయి వచ్చింది. "ఇంకాస్త, ఇంకాస్త" అంటూ క్యానును గట్టిగా పొదివి పట్టుకున్నాడు.

చేరేసరికి ఎనిమిదీ ఇరవై. టిఫిన్ సెంటర్ అద్దంలా ఉంది. మూకుడు తళతళలాడుతోంది. శోభారాణి కొత్త నూనె ప్యాకెట్ కత్తిరించి, బంగారంలాంటి నూనె పోస్తోంది.

"నమస్తే సార్. మల్ల అచ్చిన్రా? పూరీ తింటరా?"

రమాకాంత్ పొయ్యి కింద వెతికాడు. బియ్యం డ్రమ్ములో చెయ్యి పెట్టాడు. వెనక బాత్రూములోకి కూడా తొంగి చూశాడు. పాత నూనె చుక్క లేదు.

"ఏమనుకోకున్రి గని సార్," అంది శోభారాణి ముక్కు ఎగబీలుస్తూ, "నూనె వాసన మీ దగ్గర్నే అస్తాంది."

'లోపాలేమీ లేవు' అని రాసి రమాకాంత్ సంతకం పెట్టాడు. రికార్డు రూము, ఎలుకలు కళ్ళ ముందు కదిలాయి. పాపం, ఏడుపు ఆపుకుంటూ, ఇక ఆ జీపెక్కే ఓపిక లేక, కాజీపేట రైలు కోసం స్టేషన్ దారి పట్టాడు.

ఆయన కనుమరుగయ్యాక శోభారాణి రెండు పూరీలు ప్లేటులో వేసి గట్టయ్యకు అందించింది. "రాత్రికి రాత్రి అచ్చి మన పాత నూనె పట్కపోతివి గని, సారు కండ్ల వడకుంట యాడ దాచినవ్ అన్నా?"

"దాచుడెందుకు చెల్లే, చలికి గడ్డకట్టకుంట సారే శాలువ కప్పి, వొళ్ళె కూసోవెట్టుకొని తెచ్చిండు."