నాయన పేరు లేని ఇనిషియల్

తిరువళ్లూరులో జయచంద్ర కంప్యూటర్ కంపెనీకి ఆఫీసుంది, బోర్డుంది, ఏసీ ఉంది. పని తెలిసినవాడే లేడు. అందుకని ఆయన ఇంటర్వ్యూలు పెడతాడు. పాడైన ప్రోగ్రాం స్క్రిప్టును పరీక్ష అని చెప్పి ముందు పెడతాడు. వచ్చినవాళ్లు బాగుచేసి పోతారు. ఆయన వాళ్లను మరిచిపోతాడు.

ఈసారి మాత్రం ఆయన గుండెల్లో రాయి పడింది. చెన్నై జవుళి వ్యాపారి అరుణాచలానికి చీరల డేటా చూపించాల్సింది రేపే. ఏ చీర ఏ ఊరిది, ఎవరు నేసింది, అన్నీ ఒకదానితో ఒకటి ముడిపెట్టాలి. స్క్రిప్టేమో ఎర్రగా తప్పు చూపించి ఆగిపోతోంది. రేపు తప్పితే కాంట్రాక్టు గోవిందా.

తిరుత్తణి నుంచి నివేద ఇంటర్వ్యూకు వచ్చింది. మగ్గం ఇంటి పిల్ల. నిమ్మళంగా కూర్చుని తెర చూసింది.

"షర్మిలక్క చెప్పింది సార్ మీ ఆఫీసు గురించి. పోయిన నెల ఇంటర్వ్యూకొచ్చిందే."

"ఏ షర్మిల?" అన్నాడు జయచంద్ర. నిజంగానే గుర్తు లేదు పాపం.

నివేద తెర వైపు తిరిగింది. "ప్రతి చీర పేరుకు ముందర ఒక పొట్టి పేరుండాది సార్. నాయన పేరుకు బదులు పెట్టుకునే మన ఇనిషియల్ మాదిరి. అది ఏ పూర్తి అడ్రసుకు గుర్తో పైన రాయాల. మీవాళ్లు రాయలేదు. ఇనిషియల్ ఉండాది, నాయన పేరు లేదు."

"పెట్టేయమ్మా."

"ఏం పెట్టేది సార్?"

"ఏదో ఒకటి. పని జరిగితే సరి. పొట్టి పేరే కదా అందరికీ కనపడేది."

నివేద ఒక వరుస టైపు చేసింది. ఎర్ర తప్పు మాయమైంది. జయచంద్రకు ప్రాణం లేచొచ్చింది. కాఫీ కూడా తెప్పించాడు.

"ఉద్యోగం సార్?"

"చెప్పి పంపిస్తాం లేమ్మా." ఆ మాట ఆయనకు నోటికొచ్చిన పాఠం.

మరునాడు అరుణాచలం చీరలన్నీ చూసి సంబరపడ్డాడు. సంతకానికి పెన్ను కూడా తీశాడు.

"ఈ పొట్టి పేర్లు మాకు తెలీవప్పా. పూర్తి అడ్రసులు చూపించు," అన్నాడు.

"దానికేముంది సార్," అంటూ జయచంద్ర దర్జాగా మీట నొక్కాడు.

తెర మీద పైనుంచి కిందిదాకా ప్రతి చీర ముందూ ఒకటే అడ్రసు నిలబడింది: 'ఇంటర్వ్యూ అని పిలిచి షర్మిల, నివేదల చేత జయచంద్ర ఊరికే చేయించుకున్న పని.'